సిక్ లీవ్ అనే అర్జీ

(విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరుగా ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి, సికింద్రాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం సభలో మాట్లాడినది. ఆరోజు రాలేనివాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? వినిపిస్తే చెయ్యెత్తండి. సరే, ఎత్తనివాళ్ళకి వినిపించలేదనుకుంటాను. ముప్పై ఆరేళ్ళు ఇంజన్ల పక్కన నిలబడ్డవాణ్ణి, నా కుడి చెవి అంతంత మాత్రం. ప్రశ్నలుంటే దయచేసి ఎడమవైపు నుంచి అడగండి.

మీలో చాలామంది విమానం ఎక్కే ఉంటారు. ఎప్పుడైనా ఆలస్యమైతే మైకులో ఒక మాట చెబుతారు, విన్నారా? 'ఆపరేషనల్ రీజన్స్ వల్ల విమానం ఆలస్యంగా బయలుదేరుతుంది' అని. ఆపరేషనల్ రీజన్స్ అంటే ఏమిటండీ? వాన పడితే వాన అంటారు. పొగమంచైతే పొగమంచు అంటారు. ఇంజన్లో స్నాగ్ ఉంటే టెక్నికల్ అంటారు. ఏదీ కాకపోతే ఆపరేషనల్. నా అనుభవంలో ఆ మాటకి అర్థం చాలాసార్లు ఒక్కటే: విమానం ఉంది, ఇంధనం ఉంది, మీరున్నారు, దాన్ని నడిపే మనిషి రాలేదు. ఎందుకు రాలేదు? ఆ 'ఎందుకు' గురించే ఇవాళ నా మాట.

ముందుగా నా జ్వరం గురించి చెబుతాను.

బేగంపేటలో విమానాలు దిగే రోజులు. అప్పటికింకా శంషాబాద్ లేదు, అది 2008 మార్చిలో మొదలైంది. నేను లైన్ మెయింటెనెన్స్‌లో ఉండేవాణ్ణి. కంపెనీ పేరు అడక్కండి, చెప్పను. లైన్ మెయింటెనెన్స్ అంటే, దిగిన విమానాన్ని చూసి, పైలట్ లాగ్ బుక్‌లో రాసిన లోపాల్ని సరిచేసి, ఇది ఎగరడానికి పనికొస్తుంది అని సంతకం పెట్టడం. ఆ సంతకం కంపెనీది కాదండీ. నాది. నా లైసెన్సు నంబరు వేసి నేను పెట్టేది. రేపు ఏదన్నా జరిగితే ముందు పిలిచేది నన్నే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఒక రాత్రి పదకొండు దాటాక విమానం వచ్చింది. బ్రేకుల దగ్గర హైడ్రాలిక్ ఆయిల్ కారుతోంది. నేను అప్పటికే డబల్ డ్యూటీలో ఉన్నాను, తరవాతి షిఫ్టువాడు రాలేదు కనక. పై అధికారి ఫోన్ చేసి, 'ఎంత కారుతోంది? లిమిట్‌లో ఉంటే పంపించెయ్' అన్నారు. లిమిట్ అనేది ఉంది నిజమే, బొట్లు లెక్కపెడతారు. నేను లెక్కపెట్టాను. నాకు నచ్చలేదు. సీల్ మార్చాకే సంతకం పెట్టాను. విమానం మూడు గంటల పది నిమిషాలు లేటు.

వారం తిరగకుండా మెమో వచ్చింది. మూడు గంటల పది నిమిషాల ఆలస్యానికి సంజాయిషీ ఇవ్వాలని. నేను ఇచ్చాను. ఎన్ని బొట్లు కారాయో, ఏ సీల్ మార్చానో, ఆ రోజు నేను ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉన్నానో, అన్నీ రాశాను. ఆ కాగితానికి జవాబు వచ్చిందా? రాలేదు. తప్పన్నారా? అనలేదు. ఒప్పన్నారా? అదీ అనలేదు. మెమో మటుకు ఫైల్లో ఉండిపోయింది, ఆ ఏడాది ఇంక్రిమెంట్ దగ్గర బయటికొచ్చింది.

అలాంటి మెమోలు మా షెడ్డులో అందరి దగ్గరా ఉండేవి. రోస్టర్లో, అంటే డ్యూటీల పట్టికలో, మనుషుల్ని పెంచండి అని అర్జీ ఇచ్చాం. రెండోది ఇచ్చాం. మూడోది యూనియన్ లెటర్‌హెడ్ మీద ఇచ్చాం. ఆ తరవాత ఒక సోమవారం పదకొండుమందికి ఒకేసారి జ్వరం వచ్చింది. అందరం ఒకే డాక్టరు దగ్గరికి వెళ్ళాం, అదీ మా తెలివి. ఆయన ఏడో సర్టిఫికెట్ రాస్తూ తలెత్తి, 'ఏమయ్యా, మీ ఆఫీసులో తాగే నీళ్ళు పాడయ్యాయా?' అన్నారు. మా సీనియర్ ఒకాయన, చాలా నెమ్మదస్తుడు, 'నీళ్ళు కాదు సార్, రోస్టర్' అన్నాడు.

నవ్వుతున్నారు. మేమూ నవ్వాం అప్పుడు. బుధవారానికి పై ఆఫీసు నుంచి మనిషి వచ్చి మా ఎదురుగా కూర్చున్నాడు. మూడు అర్జీలకి రానివాడు జ్వరానికి వచ్చాడు. అందుకే ఈ ప్రసంగానికి ఆ పేరు పెట్టమన్నాను. మన దేశంలో విమాన కంపెనీల ఉద్యోగులకి సిక్ లీవు అనేది సెలవు చీటీ కాదు, అర్జీ. జవాబు వచ్చే అర్జీ అదొక్కటే అని ఒక తరం తరవాత ఒక తరం నేర్చుకుంటూ వచ్చింది.

'సమ్మె చేయొచ్చు కదా, ఈ దొంగ జ్వరాలెందుకు?' అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. విమాన సర్వీసు అనేది పాత చట్టం లెక్కలో పబ్లిక్ యుటిలిటీ, అంటే జనానికి తప్పనిసరైన సేవ. నోటీసివ్వాలి, పద్నాలుగు రోజులు ఆగాలి, ఈలోపు లేబర్ కమిషనర్ రాజీ చర్చలు మొదలుపెడితే అవి జరుగుతున్నంతకాలం సమ్మె చేయకూడదు. పాత చట్టం అంతే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ ఇంకొక అడుగు ముందుకేసింది. ఒకే రోజు సగంమంది, అంతకంటే ఎక్కువమంది కలిసి క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుందంది. క్యాజువల్ లీవు అని రాశారు. జ్వరం మాట రాయలేదు. మా సీనియర్ బతికుంటే ఆ వాక్యం చదివి ఏమనేవాడో.

పైగా యూనియన్లు ప్రభుత్వ కంపెనీల్లో ఉన్నంత బలంగా ప్రైవేటు కంపెనీల్లో ఎప్పుడూ లేవు. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. సంఘం పెట్టడంలో ముందున్న ఇద్దరిని కంపెనీ తీసేసింది. సెప్టెంబర్లో వందలమంది పైలట్లు ఒకేసారి సిక్. ఐదు రోజులు దేశమంతా అల్లకల్లోలం. చివరికి తీసేసినవాళ్ళని వెనక్కి తీసుకున్నారు. ఆ ఐదు రోజుల నుంచి పైలట్లు ఒకటి నేర్చుకున్నారు, యాజమాన్యం ఒకటి నేర్చుకుంది. ఇద్దరూ వేరువేరు పాఠాలు నేర్చుకున్నారనేదే నా బాధ.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. ఇక్కడ ఆడపిల్లల తల్లిదండ్రులు కొందరున్నారు, మీరు వినాల్సింది ఇది. 1953లో విమాన కంపెనీల్ని జాతీయం చేశారు. ఎయిర్ ఇండియా సర్కారుదయింది. సర్కారు కంపెనీ అంటే ఉద్యోగులకి స్వర్గం అనుకుంటాం కదా? అందులో ఎయిర్ హోస్టెస్ ముప్పై ఐదేళ్ళకి రిటైర్ కావాలి. లేదా, చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే అప్పుడే ఇంటికి. లేదా, మొదటిసారి గర్భం వస్తే అప్పుడే ఇంటికి. ముప్పై ఐదు దాటాక కొనసాగించాలా వద్దా అనేది మేనేజింగ్ డైరెక్టర్ దయ. ఏడాదికోసారి పొడిగిస్తూ, నలభై ఐదు దాకా. అదే విమానంలో అదే ట్రాలీ తోసే మగవాళ్ళకి ఇవేవీ లేవు.

నర్గేశ్ మీర్జా అనే ఆవిడ, తోటివాళ్ళు కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1981లో తీర్పు వచ్చింది. గర్భం వస్తే ఉద్యోగం తీసేసే నిబంధనని కోర్టు కొట్టేసింది, భారత స్త్రీత్వానికే అది అవమానమంది. మేనేజింగ్ డైరెక్టర్ చిత్తం వచ్చినట్టు పొడిగించే అధికారాన్నీ కొట్టేసింది. కానీ నాలుగేళ్ళలోపు పెళ్ళి కూడదనే నిబంధన? దాన్ని సబబేనంది. అదీ 1981, నేను కాలేజీలో ఉన్నాను అప్పటికి, మరీ పురాణకాలం కాదు. ఆ ఆడవాళ్ళు కోర్టుకెళ్ళక ముందు కంపెనీకి ఎన్ని అర్జీలు ఇచ్చి ఉంటారో ఊహించుకోండి.

ఒక రాత్రి, మర్నాటి రాత్రి

2008 అక్టోబర్ మధ్యలో, ప్రపంచమంతా మాంద్యం అంటున్న రోజుల్లో, జెట్ ఎయిర్‌వేస్ దాదాపు ఎనిమిది వందలమంది క్యాబిన్ క్రూని ఒక్కసారిగా తీసేసింది. ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలు. యూనిఫాంలోనే రోడ్డు మీదికొచ్చి ఏడుస్తుంటే టీవీలన్నీ చూపించాయి. మర్నాటి రాత్రి కంపెనీ చైర్మన్ నరేశ్ గోయల్ ప్రెస్ ముందుకొచ్చి, నిద్రపట్టలేదు, క్షమించండి, అందరూ మళ్ళీ పనిలోకి రండి అన్నారు.

చాలామంది ఆయన్ని మెచ్చుకున్నారు. నాకు మటుకు అప్పుడూ భయమేసింది, ఇప్పుడూ భయమేస్తుంది. ఎనిమిది వందల కుటుంబాల బతుకు ఒకరి నిద్ర మీద ఆధారపడిందా? నిద్రపట్టి ఉంటే? తీసేసేటప్పుడు వాళ్ళతో మాట్లాడలేదు, తీసుకునేటప్పుడూ మాట్లాడలేదు. రెండూ ప్రకటనలే. మా ఊళ్ళో పాత దొరల గురించి ఇలాగే చెప్పేవాళ్ళు, కోపమొస్తే కొరడా, జాలేస్తే పంచెల చాపు.

ఇప్పుడు విలీనాల సంగతి. ఇది కొంచెం మెలిక ఉన్న విషయం, ఓపిక పట్టండి. 2007లో ఎయిర్ ఇండియాని, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ని కలిపేశారు. బోర్డులు మారాయి, రంగులు మారాయి. మారనిదేమిటి? సీనియారిటీ లిస్టు. బయటివాళ్ళకి ఇది అర్థం కాదు. పైలట్‌కి సీనియారిటీ నంబరే ఆస్తి. కోపైలట్ ఎప్పుడు కెప్టెన్ అవుతాడు, ఎవరికి పెద్ద విమానం మీద ట్రెయినింగ్ వస్తుంది, పండక్కి ఎవరికి సెలవు దొరుకుతుంది, అన్నీ ఆ నంబరే చెబుతుంది. రెండు కంపెనీల లిస్టుల్ని ఒకటి చేయడమంటే రెండు కుటుంబాల పొలాలు కలిపి గట్లు తీసేయడం లాంటిది. గట్లు తీయకుండా పేరు మాత్రం కలిపారు.

ఏమైంది? 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు జీతం సమానంగా ఇవ్వమని పది రోజులు సమ్మె చేశారు. మరుసటి ఏడు, 2012లో, అటు పాత ఎయిర్ ఇండియా పైలట్లు కొత్తగా వచ్చే డ్రీమ్‌లైనర్ విమానాల ట్రెయినింగ్ అవతలివాళ్ళకి ఇస్తారా అని మొదలుపెట్టారు. అది యాభై ఎనిమిది రోజులు నడిచింది. మొదలైంది దేనితో? మళ్ళీ జ్వరాలతోనే. వందమంది దాకా పైలట్ల ఉద్యోగాలు పోయాయి, ఢిల్లీ హైకోర్టు కల్పించుకుంటే గానీ తెగలేదు. నేను ఉద్యోగుల పక్షం మనిషినే, కానీ ఆ 2012 సమ్మె కోరిక న్యాయమైనదని నేననను. అవతలివాడికి ట్రెయినింగ్ ఇవ్వొద్దు అనడం ఏం కోరిక? తోటివాడి కంచం లాగడమే. అయితే ఆ కంచాలు అలా పెట్టిందెవరు అని కూడా అడగాలి. ఐదేళ్ళు టైముంది.

సరే, అది సర్కారు కాలం. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్ళింది. మళ్ళీ విలీనాలు. ఈసారి నాలుగు కంపెనీలు రెండవ్వాలి. 2024 ఏప్రిల్ నాటికి, ఆ నాలుగింటిలో ఒకటైన విస్తారా పైలట్లకి కొత్త కాంట్రాక్టు ఇచ్చారు. అప్పటిదాకా నెలకి డెబ్భై గంటలు ఎగిరినా ఎగరకపోయినా డెబ్భై గంటల జీతం గ్యారంటీ. కొత్త కాంట్రాక్టులో గ్యారంటీ నలభై గంటలకి. చాలామంది పైలట్లు సిక్. కంపెనీ విమానాలు తగ్గించుకోవాల్సొచ్చింది. ఒక్క నెల గడిచింది. మే మొదటివారంలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ క్రూ, దాదాపు రెండు వందలమంది, ఒకే రాత్రి సిక్. గల్ఫ్ వెళ్ళేవాళ్ళు, ముఖ్యంగా కేరళ వాళ్ళు, ఎయిర్‌పోర్టుల్లో కూలబడ్డారు. వీసా గడువు ముగుస్తున్నవాడి టెన్షన్ ఏంటో కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కంపెనీ ఇరవై ఐదుమందిని డిస్మిస్ చేసింది. మర్నాడు ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ ఆఫీసులో కూర్చున్నారు ఇరుపక్షాలూ. సాయంత్రానికి ఒప్పందం. ఇరవై ఐదుమంది వెనక్కి, మిగతావాళ్ళు డ్యూటీకి.

ఒక్కరోజులో తెగింది చూశారా? ఒక్కరోజులో తెగే గొడవ నెలల తరబడి ఎందుకు నానింది? ఆ బల్ల, ఆ కుర్చీలు ముందూ ఉన్నాయి కదా.

జీతం గంటల్లో లెక్క అన్నాను, అది మీకు కొత్తగా ఉండొచ్చు. చూడండి, క్యాబిన్ క్రూకి కొంత స్థిర జీతం, దాని మీద ఎగిరిన గంటలకి ఇంత అని అలవెన్సు. ఎగిరిన గంట ఎప్పుడు మొదలవుతుంది? విమానం చక్రాల కింద చెక్కలు పెడతాం మేము, కదలకుండా. అవి తీసి విమానం కదిలినప్పటి నుంచి, మళ్ళీ ఆగి చెక్కలు పెట్టేదాకా. అంటే మీ సూట్‌కేసు పైన పెట్టడానికి ఆ అమ్మాయి సాయం చేస్తుందే, అప్పుడు మీటరు తిరగట్లేదు. తలుపులు మూశాక పొగమంచులో గంటన్నర నిలబడితే, మీరంతా ఆ అమ్మాయి మీద అరుస్తుంటే, చెక్కలు తీయలేదు కనక అప్పుడూ తిరగట్లేదు. మన దగ్గరే కాదు, చాలా దేశాల్లో ఇంతే. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడా ఫ్లైట్ అటెండెంట్లు, పదివేలమంది పైన, ముఖ్యంగా ఈ విషయం మీదే సమ్మెకి దిగారు. నేల మీద చేసే పనికి కూడా డబ్బివ్వండి అని. ప్రభుత్వం కొన్ని గంటల్లోనే పనిలోకి పొమ్మని ఆదేశించింది. వాళ్ళు పోలేదు. నాలుగోరోజుకి ఒప్పందమైంది.

వాళ్ళు జ్వరమని చెప్పలేదు, గమనించారా? సమ్మె అని బోర్డు పట్టుకుని చెప్పారు.

ఇప్పుడు యాజమాన్యం వైపు నుంచి కూడా మాట్లాడాలి. లేకపోతే ఇంటికెళ్ళాక మా ఆవిడ ఒప్పుకోదు, ఆవిడ చిన్న వ్యాపారం నడిపింది. విమాన కంపెనీ ఖర్చుల్లో పెద్ద ముక్క ఇంధనం. దాని ధర కంపెనీ చేతిలో లేదు, దాని మీద వేసే పన్నూ కంపెనీ చేతిలో లేదు. విమానాలు ఎక్కువ భాగం అద్దెవి, ఆ అద్దె డాలర్లలో. రూపాయి పడిపోతే కంపెనీ ఏం చేస్తుంది? ఎయిర్‌పోర్టు చార్జీలు వేరేవాళ్ళు నిర్ణయిస్తారు. టికెట్ రేటు పెంచితే మీరు పక్క కంపెనీకి పోతారు, ఫోన్లో రెండు నొక్కులు. ఇక కంపెనీ తన చేత్తో బిగించగలిగిన బోల్టు ఏదండీ? మనిషి. జీతం, గంటలు, సెలవు. అందుకని ఆ బోల్టునే బిగిస్తారు. మెకానిక్‌గా చెబుతున్నాను, బిగించొద్దని కాదు. ప్రతి బోల్టుకీ ఒక టార్క్ లెక్క, అంటే ఎంత బలంతో తిప్పాలో అనే లెక్క, ఉంటుంది. అది దాటి బిగిస్తే మర తెగుతుంది. తెగినట్టు పైకి కనిపించదు, అదీ దాంట్లో ఉన్న ప్రమాదం.

'కంపెనీ కష్టాల్లో ఉంది, కొంచెం ఓర్చుకోండి' అంటారు. ఓర్చుకున్నవాళ్ళని చూశాను. కింగ్‌ఫిషర్‌లో 2012లో నెలల తరబడి జీతాల్లేకుండా పనిచేశారు. అక్టోబర్లో విమానాలు ఆగాయి, లైసెన్సు సస్పెండయింది. ఆ ఆగిపోయే ముందు పనిలోకి రామన్నవాళ్ళలో నా జాతివాళ్ళు, ఇంజనీర్లు ఉన్నారు. నేను ముందు చెప్పిన సంతకం గుర్తుందా? ఆరేడు నెలలుగా జీతం లేదు, ఇంట్లో స్కూలు ఫీజు కట్టలేదు, అప్పులవాడు ఫోన్ చేస్తున్నాడు, ఆ బుర్రతో రాత్రి రెండింటికి ఇంజన్ బ్లేడు చూసి సంతకం పెట్టాలి. మీరైతే ఆ విమానం ఎక్కుతారా?

జెట్ కథ ఇంకా పొడవు. 2019 ఏప్రిల్ 17 రాత్రి ఆఖరి విమానం ఎగిరింది. వేలమంది ఉద్యోగులు. కంపెనీ మళ్ళీ లేస్తుందని ఐదేళ్ళు ఎదురుచూశారు. 2024 నవంబర్లో సుప్రీంకోర్టు ఇక దాన్ని అమ్మి బాకీలు తీర్చమంది. దివాలా చట్టంలో బాకీల వరసలో పనివాళ్ళకి ఇరవై నాలుగు నెలల బకాయిల దాకా ముందు చోటుంది, మిగతా ఉద్యోగులకి పన్నెండు నెలల దాకా, అదీ ఇంకొంచెం కింద. చోటుండటం వేరు, చేతికి రావడం వేరు. అందులో పనిచేసిన ఒకతను మా అపార్టుమెంట్లోనే ఉంటాడు. ఇప్పటికీ ఐడీ కార్డు పర్సులో పెట్టుకుని తిరుగుతాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

మొన్న డిసెంబర్

మొన్న డిసెంబర్ అనగానే అక్కడ ఇద్దరు ముగ్గురు తలలూపారు. శంషాబాద్‌లో ఇరుక్కున్నారా? ఎంతసేపు? పద్దెనిమిది గంటలా? పెళ్ళికా? అయ్యో.

ఆ 2025 డిసెంబర్లో ఇండిగో విమాన కంపెనీలో జరిగింది వేరు. ఇందాకటి నుంచి చెబుతున్న కథల్లో ఎవరో ఒకరు పనిలోకి రామన్నారు. ఇండిగోలో అలా ఎవరూ సమ్మెకి దిగలేదు. అయినా విమానాలు ఆగిపోయాయి. డిసెంబర్ 5 ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దయ్యాయి. దేశంలో ప్రతి ముగ్గురు ప్రయాణికుల్లో దాదాపు ఇద్దరిని మోసే కంపెనీ. ఎలా జరిగింది?

పైలట్ల అలసట గురించి కొత్త రూల్స్ వచ్చాయి. విమానయానాన్ని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ వాటిని 2024 జనవరిలోనే ప్రకటించింది. అదే ఏడు జూన్ నుంచి అమలు కావాలి. కంపెనీలు మా వల్ల కాదన్నాయి, వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పట్టుబడితే, 2025 జులై నుంచి కొంత, నవంబర్ 1 నుంచి మిగతాది అన్నారు. ఏముంది అందులో? వారానికి వరసగా ముప్పై ఆరు గంటలు ఉండే విశ్రాంతి నలభై ఎనిమిది అయింది. రాత్రి అంటే పన్నెండు నుంచి ఐదు దాకా అనే లెక్క ఆరు దాకా అయింది. రాత్రివేళ ల్యాండింగులు ఆరుసార్ల దాకా చేయించగలిగేది రెండుసార్లకి తగ్గింది. అంతే. రాత్రి ఒకే మనిషి ఆరుసార్లు విమానం దించొచ్చు అనే రూలు అప్పటిదాకా ఉందని మీలో ఎంతమందికి తెలుసు?

ఈ రూలు వస్తే ఎక్కువమంది పైలట్లు కావాలి. ఇది లెక్కల పుస్తకంలో ఐదో తరగతి లెక్క. దాదాపు రెండేళ్ళ టైముంది. మిగతా కంపెనీలు కిందామీదా పడి సర్దుకున్నాయి. ఇండిగో సర్దుకోలేదు. అంచనా తప్పింది, ప్లానింగ్‌లో లోపాలున్నాయని తనే ఒప్పుకుంది. మన శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు రాజ్యసభలో, ఇది కంపెనీ లోపలి రోస్టర్ సమస్య అన్నారు. రోస్టర్! మా సీనియర్ ఆ డాక్టరు గారితో అన్న మాట పార్లమెంటు దాకా చేరడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇంతకీ ఏమిటంటే, అన్నేళ్ళూ ఆ టైంటేబుల్ దేని మీద నడిచింది? విమానాల మీద, సాఫ్ట్‌వేర్ మీద, అవును. దాంతోపాటు పైలట్ల నిద్ర మీద. వాళ్ళు పడుకోని గంటలు ఆ టైంటేబుల్లో సీట్లుగా మారి అమ్ముడయ్యాయి. ఎక్కడా ఖాతాలో రాయలేదు, ఎందుకంటే అది ఊరికే వచ్చింది. చట్టమొచ్చి ఆ అప్పు వెనక్కిచ్చేయమనగానే మొత్తం కూలింది. నా బేగంపేట డబల్ డ్యూటీ కూడా అంతేనండీ. రెండో షిఫ్టువాణ్ణి పెట్టుకోకుండా నడిచిందంటే, రెండో షిఫ్టువాడి జీతం నా వీపు మీద మిగిలిందన్నమాట.

చివరికి ఏం చేశారు? రాత్రి డ్యూటీ రూల్స్ నుంచి ఆ కంపెనీకి ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు. ఫ్లైట్లు పదిశాతం తగ్గించుకోమన్నారు. ప్రయాణికుల కోసం అది తప్పలేదేమో, నేను కాదనను. కానీ పైలట్ల వైపు నుంచి చూడండి. వాళ్ళు కోర్టుకెళ్ళారు, పద్ధతి ప్రకారం వెళ్ళారు, గెలిచారు. ఆ రూలు పూర్తిగా అమల్లోకొచ్చిన నెలకి, సిద్ధపడని కంపెనీ కోసం దాన్నే ఆపేశారు. రేపు ఇంకో గొడవొస్తే వాళ్ళు కోర్టు మెట్లెక్కుతారా, డాక్టరు మెట్లెక్కుతారా?

ఆ వారం నన్ను ఎక్కువ కలచినది వేరే దృశ్యం. కౌంటర్ వెనక పిల్లలు. కంపెనీ సీఈవో వీడియోలో క్షమాపణ చెప్పారు, మంచిదే. కౌంటర్లో నిలబడ్డ పిల్ల దగ్గర వీడియో లేదు. ముందు నాలుగు వందలమంది. ఆ పిల్లకి ఏ విమానం వెళుతుందో తెలియదు, తెలియదని చెప్పే అనుమతీ లేదు. పదిమంది ఆమె మొహం మీద ఫోన్లు పెట్టి రికార్డు చేస్తున్నారు. ఇందాక పద్దెనిమిది గంటలన్నారే, మీరు... మీరు అరిచారా? పర్లేదు, నేనైనా అరుస్తానేమో. ఆ పిల్ల మటుకు అదే యూనిఫాంతో మర్నాడూ వచ్చింది.

ఇక సామాను మోసే లోడర్లు, క్లీనింగ్ వాళ్ళ సంగతి. వాళ్ళలో చాలామంది కంపెనీ ఉద్యోగులే కారు, కాంట్రాక్టరు మనుషులు. వాళ్ళకి సిక్ లీవు అర్జీ కూడా లేదు. జ్వరమంటే ఆ రోజు కూలీ పోయినట్టే. 2022 జులైలో ఇక్కడ హైదరాబాద్‌లోనూ ఢిల్లీలోనూ ఇండిగో టెక్నీషియన్లు జీతాల మీద సిక్ లీవులు పెట్టినప్పుడు, ఒక లోడర్ నాతో అన్నాడు: 'సార్, మాకు జ్వరం తెచ్చుకునే స్తోమత లేదు.' అంతకు వారం ముందే క్యాబిన్ క్రూ కూడా పెద్ద సంఖ్యలో సెలవు పెట్టారు, పక్క కంపెనీ ఇంటర్వ్యూకి. ఆ శనివారం ఇండిగో విమానాల్లో సగానికి పైగా లేటు.

ఏమిటమ్మా? ఎడమవైపు నుంచి... ఆఁ, ఇప్పుడు వినిపిస్తోంది. మీ అమ్మాయి క్యాబిన్ క్రూ ట్రెయినింగ్‌లో చేరతానంటోంది, చేర్చాలా వద్దా. ఇవన్నీ విన్నాక భయమేస్తోందా?

చేర్చండమ్మా. మంచి పని అది. నా ముప్పై ఆరేళ్ళలో తెల్లవారుజామున నేను సంతకం పెట్టిన విమానం రన్‌వే చివర్న లేస్తుంటే చూడని రోజు లేదు, విసుగు పుట్టిన రోజూ లేదు. కాకపోతే ఉద్యోగం వచ్చాక అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తారు. పిల్లలు మొదటి పేజీలో జీతం చూసి సంతోషపడి ఆఖరి పేజీలో సంతకం పెట్టేస్తారు. మధ్యలో పేజీలుంటాయి. బాండ్ ఎంత, ఎన్నేళ్ళు. మానేయాలంటే నోటీసు ఎన్ని నెలలు. పైలట్లకైతే 2017 నుంచి డీజీసీఏ రూలే ఉంది, కెప్టెన్‌కి ఏడాది, కోపైలట్‌కి ఆరు నెలలు. ఇంకెక్కడన్నా ఉద్యోగం వదలడానికి ఏడాది నోటీసు విన్నారా? డ్యూటీ గంట ఇంట్లో కారెక్కినప్పటి నుంచా, ఎయిర్‌పోర్టులో సంతకం పెట్టినప్పటి నుంచా, చెక్కలు తీసినప్పటి నుంచా? స్టాండ్‌బైలో ఇంట్లో కూర్చోబెడితే దానికి డబ్బుందా లేదా? ఫిర్యాదు ఎవరికివ్వాలి, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి? ఆ ఆఖరిది ముఖ్యంగా వెతకండి. చాలా లెటర్లలో ఉండదు.

అమ్మాయికి ఆ కాగితం వచ్చాక, సంతకం పెట్టకముందు, నా దగ్గరికి తీసుకురండి. ఆదివారాలు ఇక్కడే ఉంటాను. కళ్ళజోడు కూడా తెచ్చుకుంటాను.